పడవకు బాడీ ఎర్త్ వేసిన మేస్త్రి

ఎల్బీనగర్‌లో ఉండి పడవ రిపేరు చేశానంటే మా చర్చిలో ఇప్పటికీ నవ్వుతారు. మూసీలో నడిపావా అని ఒకరంటారు, వానాకాలం చంపాపేట్ రోడ్డు మీద నడిపావా అని ఇంకొకరంటారు. నవ్వుకోనివ్వండి. ముప్పై ఎనిమిదేళ్ళు బండ్ల తీగలతో బతికినవాణ్ణి, ఎగతాళికి ఉడుక్కునే వయసు ఎప్పుడో దాటాను. ఈ మధ్య కొత్తగా మా పనిలోకి వచ్చినవాళ్ళు కనిపించినప్పుడల్లా పాత కేసులు చెప్పమంటున్నారు. నేను గెలిచిన కేసులు బోలెడున్నాయి. అందరూ చేతులెత్తేసిన బస్సును నేను గంటలో స్టార్ట్ చేసిన సంగతి చెప్పుకుంటే నాకు బాగానే ఉంటుంది, మీకు మాత్రం ఒరిగేదేమీ లేదు. నేను బోర్లా పడ్డ పని ఒకటుంది. అది చెబుతాను, వినండి.

మా షాపు ఎల్బీనగర్ చౌరస్తా దాటాక సాగర్ రోడ్డు వైపు ఒక గల్లీలో ఉండేది. పక్క షాపు రేడియేటర్లు, డీజిల్ ట్యాంకులు అతికే భాయ్‌ది. ఆయన నీళ్ళూ నూనె చూసుకునేవాడు, నేను కరెంటు చూసుకునేవాణ్ణి. ఇరవై ఏళ్ళు పక్కపక్కన పనిచేశాం. రోజుకు నాలుగుసార్లు కలిసి టీ తాగాం, కానీ ఒకరి పనిలో ఒకరం ఏనాడూ వేలు పెట్టలేదు. అది మా ఇద్దరి మధ్య మర్యాద. ఆ మర్యాదే నా కొంప ముంచబోతోందని అప్పట్లో తెలియదు.

నాకొక పద్ధతి ఉండేది. పని పూర్తయ్యాక, తీగ కలిపిన చోట ఎర్ర టేపు మూడు చుట్లు చుట్టేవాణ్ణి. అందరూ నల్ల టేపు వాడితే నేను ఎర్రది వాడేవాణ్ణి. ఎర్ర టేపు కనిపించిందంటే అక్కడ నా చెయ్యి పడిందని, ఇంకెవరూ విప్పి చూడక్కర్లేదని అర్థం. దిల్‌సుఖ్‌నగర్ నుంచి హయత్‌నగర్ దాకా మెకానిక్‌లు ఆ టేపు చూసి వదిలేసేవాళ్ళు. పొగరనుకోండి, ఫరవాలేదు. పొగరే.

ఒకరోజు మధ్యాహ్నం స్కూటర్ మీద ఒకాయన వచ్చాడు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో పాతికేళ్ళుగా ఫిజిక్స్ చెబుతున్న సారు. కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాడు. చొక్కా జేబు మీద మార్కర్ మరక ఉంది. డీజిల్ మీటర్లు చూస్తారా అని అడిగితే, ఏం బండి సార్ అన్నాను. బండి కాదండీ, పడవ అన్నాడు. తెరచాప పడవట. లోపల చిన్న డీజిల్ ఇంజను కూడా ఉందట. నాగోల్‌లో ఖాళీ ప్లాటు కిరాయికి తీసుకుని అందులో పెట్టాడట. ఎండకు మనిషికి ఏమైనా అయిందేమోనని ముందు కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చాను.

నిజంగానే ఉంది. మెట్రో ఆఖరి స్టేషన్ దాటి లోపలికి వెళ్తే, రెండు అపార్ట్‌మెంట్ల మధ్య ఇనుప స్టాండు మీద తెల్లటి పడవ కూర్చుని ఉంది. ఒక మినీ లారీ అంత పొడవుంటుంది. తెరచాప కట్టే పొడవాటి స్తంభాన్ని విప్పి పడవ వెంబడి పడుకోబెట్టి కడితే, పక్క అపార్ట్‌మెంటు వాచ్‌మన్ భార్య దాని మీద బట్టలారేసుకుంటోంది. సారు ఆమెను ఏమీ అనలేదు. ఎవరో మోజుపడి కొని వదిలేసిన పడవను ఈయన తెచ్చుకుని, నాలుగేళ్ళుగా సెలవు దొరికినప్పుడల్లా గీకుతూ, రంగులేస్తూ బాగుచేసుకుంటున్నాడు. కాకినాడ తీసుకెళ్ళి నీళ్ళలో దించి, భార్యాభర్తలిద్దరూ ఒడ్డు వెంట విశాఖ దాకా వెళ్ళాలని ఆయన కోరిక.

ఆ భార్య పడవ నీడలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. బ్యాంకులో పనిచేసి అప్పుడే మానేసిందట. మనిషి నెమ్మది, చూపు మాత్రం గట్టిది. పడవ పక్కన అన్ని నెలలుగా కూర్చుంటోంది కానీ ఒక్కసారి కూడా ఎక్కలేదని సారే నవ్వుతూ చెప్పాడు. ఆవిడ నవ్వలేదు. నేను నిచ్చెన మీద కాలు పెడుతుంటే ఆపి, అసలు సంగతి ఆవిడే చెప్పింది.

ఆవిడ అన్నయ్య వేట పడవ మీద పనిచేసేవాడు. ఒకరోజు సముద్రం మీద గాలి మారుతోందని పడవలన్నీ తిరిగి వచ్చేశాయి. ఈయనున్న పడవ రాలేదు. ఇంజను చెడలేదు, తుఫాను కూడా కాదు. డీజిల్ అయిపోయింది. బయల్దేరేముందు డీజిల్ చూశావా అని ఎవరో అడిగితే, చూడాల్సినవాడు ఉందిలే అన్నాడట. పడవ మూడో రోజు దొరికింది. అన్నయ్య దొరకలేదు.

"ఈయనేమో తెరచాప ఉంది కదా అంటారు," అంది ఆవిడ. "గాలి అసలు లేనప్పుడు, గాలి మరీ ఎక్కువైనప్పుడు ఇంజనే దిక్కు. నాకు పడవ గురించి ఏమీ తెలియదు మేస్త్రీ గారూ. ఆ డీజిల్ మీటరు ముల్లు నిజం చెప్పాలి, అంతే. చెబితే నేనూ ఎక్కుతాను. లేదంటే పడవ అమ్మేస్తామని ఈయన నాకు మాటిచ్చారు."

సారు తల దించుకుని నిలబడ్డాడు. నాలుగేళ్ళ కష్టం మొత్తం ఒక మీటరు ముల్లు మీద ఆధారపడి ఉందని నాకు అర్థమైంది. అర్థమయ్యాక నేనేం చేశానో తెలుసా? ధైర్యం చెప్పాను. "ఏం ఫికర్ చెయ్యకమ్మా, గంటల పని," అన్నాను. లారీలవి, బస్సులవి, క్రేన్లవి మీటర్లు నా చేతిమీద వందలు బాగయ్యాయి, ఇదొక లెక్కా అనుకున్నాను.

ఇక్కడ మీకు మా పనిలోని ఒక అలవాటు చెప్పాలి. తెలిసినవాళ్ళు ఓపిక పట్టండి. కారుకైనా లారీకైనా బ్యాటరీ నుంచి కరెంటు వెళ్ళడానికి తీగ వేస్తాం. తిరిగి రావడానికి మాత్రం విడిగా తీగ వెయ్యం. బండి ఒళ్ళంతా ఇనుమే కాబట్టి ఆ ఇనుములోంచే కరెంటు వెనక్కి వస్తుంది. దాన్నే బాడీ ఎర్త్ అంటాం. ఏ లైటు వెలగకపోయినా, ఏ మీటరు ఆడకపోయినా, కుళ్ళిన ఎర్త్ తీగ పీకి పారేసి, దగ్గర్లో ఉన్న బోల్టు కింద కొత్త ముక్క బిగిస్తే సగం రోగాలు కుదురుతాయి. ఈ పని చెయ్యడానికి నాకు కళ్ళు కూడా అక్కర్లేదు, వేళ్ళే బోల్టు వెతుక్కుంటాయి.

ఆ పడవలో మీటరు ముల్లు ఎప్పుడూ ఫుల్‌లోనే ఉంటోంది. ట్యాంకులో సగం డీజిలున్నా ఫుల్, పావు ఉన్నా ఫుల్. ట్యాంకు మీదున్న తీగ ఊడదీశాను. మన బండ్లలో చాలావాటికి తీగ ఊడితే ముల్లు ఖాళీలో పడిపోతుంది. ఇదేమో ఫుల్ మీదే కూర్చుంది. ఒక్క క్షణం నాకు తిక్కరేగింది. సారు పైనుంచి తొంగిచూసి, ఈ మీటరు విదేశీదని, దీని లెక్క తిరగేసి ఉంటుందని, తీగ తెగితే ఫుల్ చూపిస్తుందని చెప్పాడు. సరే అన్నాను. తీగలు వెతుక్కుంటూ పోతే ట్యాంకు మీటరుకు పోయే ఎర్త్ తీగ ఉప్పుగాలికి పచ్చబడి పొడిపొడిగా ఉంది. దొరికింది దొంగ అనుకున్నాను. దాన్ని కత్తిరించి పారేసి, ట్యాంకును పట్టి ఉంచే ఇనుప పట్టీ బోల్టు కింద జానెడు కొత్త తీగ బిగించాను. ముల్లు జారి వచ్చి సరిగ్గా సగం దగ్గర నిలబడింది. ట్యాంకులో డీజిలు కూడా సగమే.

సారు సంతోషించాడు. కానీ బుర్ర గీరుకున్నాడు. "మేస్త్రీ, ఇది ఫైబర్ కదండీ, దీనికి మీ బండ్లలాగా ఇనుప బాడీ లేదు," అన్నాడు. "బ్యాటరీ నెగటివ్ దాకా విడిగా ఒక తీగ వెయ్యొద్దా?"

నాకు ఎక్కడో చురుక్కుమంది. అన్నేళ్ళలో అప్పటిదాకా నాకు ఎర్త్ గురించి చెప్పినవాడు లేడు. "సార్, మీరు బోర్డు మీద పాఠం చెప్పుండ్రి, నేను బండి కింద పని చేస్త," అన్నాను. "ముల్లు సగం చూపిస్తుందా లేదా?" చూపిస్తోంది. పాపం, మర్యాదస్తుడు. నొచ్చుకున్నా నవ్వి ఊరుకున్నాడు. బాడీ లేని పడవలో ఎర్త్ ఎట్లా దొరికిందని ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే ఈ కథే ఉండేది కాదు. ట్యాంకు నుంచి ఇంజనుకు డీజిల్ తీసుకెళ్ళే రాగి గొట్టం ఒకటుంది. కరెంటు ట్యాంకులోంచి ఆ గొట్టంలోకి, అక్కణ్ణుంచి ఇంజనులోకి, ఇంజనులోంచి బ్యాటరీకి పోతోంది. ఆ దారి నేను వేసింది కాదు, నా అదృష్టం కొద్దీ దొరికింది. నేను మాత్రం అదంతా నా పనితనమే అనుకున్నాను.

ఎర్ర టేపు మూడు చుట్లు చుట్టి కిందికి దిగాను. ఆవిడను పిలిచి, నిచ్చెన మీదికి రెండు మెట్లెక్కించి, కిటికీలోంచి టేపు చూపించాను. ఎర్ర టేపున్న చోట మళ్ళీ చూసుకునే పని లేదమ్మా అని చెప్పాను. ఆవిడ చాలాసేపు ఆ టేపునే చూసింది. తర్వాత ఇంటికెళ్ళి మా ఇద్దరికీ టిఫిన్ తెచ్చింది. పెసరట్టు, అల్లం పచ్చడి. అంత రుచిగా ఉండడం ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పది రోజుల తర్వాత మా అక్క కొడుకు పెళ్ళికి నల్లగొండ దగ్గర మా ఊరికి వెళ్ళాను. ఆ వారంలోనే సారు ఇంజను స్టార్ట్ చేసి చూస్తే, రాగి గొట్టం అతుకు దగ్గర డీజిల్ చెమ్మగిల్లుతోందట. నూనె పని కాబట్టి నన్ను కాకుండా మా పక్క షాపు భాయ్‌ని పిలిపించాడు. భాయ్ పనిమంతుడు. రాగి గొట్టం ఇంజను అదురుకు మళ్ళీ చిట్లుతుందని దాన్ని పూర్తిగా తీసేసి, మంచి రబ్బరు పైపు వేసి క్లాంపులు బిగించాడు. ఎవరైనా అదే చేస్తారు. ఆయన పనిలో ఒక్క తప్పు లేదు. మీటరు సంగతి ఆయన చూడలేదు, అది నా పని కాబట్టి. నేను ఊరి నుంచి వచ్చాక ఆయన పైపు సంగతి నాకు చెప్పనూ లేదు, అది తన పని కాబట్టి. చూశారా మా మర్యాద.

ఇక పడవ బయల్దేరే రోజు వచ్చింది.

పొద్దున తొమ్మిదికల్లా ప్లాటు ముందు పొడవాటి ట్రైలర్ లారీ, క్రేను వచ్చి నిలబడ్డాయి. కాలనీ కాలనీ అంతా అక్కడే ఉంది. సారు కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడిలో పూజ చేయించి సింధూరం తెచ్చి పడవ ముక్కుకు బొట్టుపెట్టాడు. వాచ్‌మన్ భార్య తన బట్టలు తీసేసుకుని, స్తంభానికి పసుపు కూడా రాసింది. క్రేను పడవను లేపి లారీ మీద పెట్టింది. అంతా చప్పట్లు కొట్టారు. నేను ఉతికిన చొక్కా వేసుకుని, పెళ్ళిలో మేనమామలా హుందాగా నిలబడ్డాను. సారు నా భుజం మీద చెయ్యివేసి, మా మేస్త్రి లేకపోతే ఈ రోజు లేదని నలుగురికీ చెబుతున్నాడు.

భాయ్, నేను లారీ పక్కన నిలబడి పేపరు కప్పుల్లో టీ తాగుతున్నాం. ఆయన మాటల మధ్యలో ఊరికే అన్నాడు. నిన్న సాయంత్రం పడవ కొలతలు చూసుకోవడానికి వచ్చిన లారీ డ్రైవర్, ట్యాంకులో డీజిల్ ఉంచుకుని అంత దూరం ఎక్కించనని పేచీ పెట్టాడట. సారేమో క్లాసులో ఉన్నాడు, ఫోను ఎత్తలేదు. అందుకని భాయ్, డ్రైవర్ కలిసి ట్యాంకులోదంతా క్యాన్లలోకి తీసి, పొద్దున లారీ రాగానే ఆ క్యాన్లు క్యాబిన్ వెనక కట్టేశారు.

"ఒక్క చుక్క లేదన్నా ఇప్పుడు," అన్నాడు భాయ్. "రబ్బరు పైపు ఏసిన కదా, గుంజితే జర్రున ఒచ్చేసింది."

రబ్బరు పైపా అని అడిగాను. ఎప్పుడేశావు అని అడిగాను. ఆయన చెబుతూనే ఉన్నాడు, పైనుంచి సారు కేకేశాడు. నిచ్చెనెక్కి వెళ్ళాను. సారు తాళం తిప్పి పెట్టాడు. ఆయన మొహం చిన్నపిల్లాడి మొహంలా వెలిగిపోతోంది. వారం కిందట తానే దగ్గరుండి ట్యాంకు నింపించాడు మరి. మీటరు వైపు వేలు చూపించి, చూడండి మేస్త్రీ, ఎంత ఖచ్చితంగా ఉందో అన్నాడు.

ముల్లు ఫుల్‌లో ఉంది.

సారును పక్కకు జరగమని, లోపలికి వంగి, ట్యాంకు మీద వేలి కణుపుతో కొట్టాను. ఖాళీ డబ్బా మోగినట్టు మోగింది. ఆ పక్కనే నా ఎర్ర టేపు, మూడు చుట్లు, ఏ మాత్రం నలగకుండా ఉంది. రాగి పోయి రబ్బరు వచ్చింది, దారి తెగిపోయింది, ముల్లు ఫుల్‌కి ఎక్కింది. కాకినాడలో మళ్ళీ డీజిల్ పోస్తారు, ఫుల్ చూపిస్తుంది. సముద్రంలోకి పోతారు, ఫుల్ చూపిస్తుంది. చివరి చుక్క అయిపోయేదాకా ఫుల్ చూపిస్తూనే ఉంటుంది. ఉందిలే అన్నవాడెవడో నేను చూడలేదు కానీ, ఆ నిమిషాన వాడి మొహం స్థానంలో నా మొహమే కనిపించింది.

మీకు నిజం చెబుతాను. ముందు నాకు వచ్చిన ఆలోచన మంచిది కాదు. పది నిమిషాల పని. టేపు కొంచెం సర్దాలని చెప్పి, సారును కిందికి పంపి, ఒక తీగ ముక్క బ్యాటరీ దాకా లాగేస్తే ఎవరికీ తెలియదు. నా పేరు నిలుస్తుంది, వాళ్ళ ప్రయాణం సాగుతుంది, ఎవరికీ నష్టం లేదు. జేబులో కట్టర్ కూడా ఉంది. చెబితేనో? మాట ప్రకారం ఆవిడ పడవ అమ్మించేస్తుంది. సారు నాలుగేళ్ళ కష్టం ఆ రోడ్డు మీదే మట్టిలో కలుస్తుంది. చెప్పకపోవడమే ఆయనకు మేలు చేసినట్టని కూడా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తప్పును దాచుకునేటప్పుడు మనిషికి ఎక్కడలేని దయ పుట్టుకొస్తుంది.

కిందికి చూశాను. ఆవిడ నిచ్చెన దగ్గర నిలబడి నావైపే చూస్తోంది. ట్యాంకు మీద నేను కొట్టిన చప్పుడు విన్నదేమో. విన్నా విననట్టే, నెమ్మదిగా అడిగింది.

"మేస్త్రీ గారూ, నేను సైన్సు చదువుకోలేదు. మీ మొహం చూసే అడుగుతున్నాను. ఆ ముల్లు నిజం చెబుతోందా?"

చప్పట్లు కొట్టిన జనమంతా అక్కడే ఉన్నారు.

"అబద్ధం చెప్తుందమ్మా," అన్నాను. "ట్యాంకు ఖాళీ ఉంది, ముల్లు ఫుల్ అంటుంది. తప్పు నాదే. సారు ఆనాడే చెప్పిండు, నేనే ఇనలే."

లారీ డ్రైవర్ వాచీ చూసుకున్నాడు. భాయ్ టీ కప్పు కింద పెట్టేసి, పైపు మార్చింది నేను కదా, తప్పు నాది కూడా అనబోతే నేను చేత్తో ఆపాను. ఆయన పని ఆయన సరిగ్గా చేశాడు. సారు మొహంలో వెలుగు పోయింది. అయినా ఆ మనిషి నన్ను ఒక్క మాట అనలేదు. నేనే గట్టిగా పట్టుబట్టి ఉండాల్సిందండీ అని తన మీదే వేసుకోబోయాడు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చినంత పనైంది. తిట్టి ఉంటే నయంగా ఉండేది.

అప్పుడు ఆవిడ చీరకొంగు నడుముకు దోపుకుని నిచ్చెన ఎక్కింది. రెండు మెట్లు కాదు, మొత్తం ఎక్కి, అంచు దాటి, పడవలో కాలు పెట్టింది. సారు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఆవిడ ఆయన్ని పట్టించుకోకుండా నా పక్కన కూర్చుని, ఎక్కడో చూపించమంది. చూపించాను. విప్పమంది. నా అన్నేళ్ళ పనిలో నా ఎర్ర టేపును నేనే విప్పడం అదే మొదటిసారి. ఒక చుట్టు విప్పేసరికి ఆవిడే అందుకుని మిగిలిన చుట్లు విప్పింది.

భాయ్ స్కూటర్ మీద షాపుకు పోయి తీగ, టెర్మినళ్ళు, కొత్త టేపు చుట్ట తెచ్చాడు. ట్యాంకు దగ్గర్నుంచి బ్యాటరీ నెగటివ్ దాకా ఒకే తీగ, మధ్యలో అతుకు లేకుండా లాగాను. నేను బిగించే ప్రతి చోటా ఆవిడ ఇది ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతుందని అడిగింది, నేను చెప్పాను. విడమరిచి చెబుతుంటే నాకే కొన్ని కొత్తగా అర్థమయ్యాయి. ఒకచోట సారు కల్పించుకుని సూత్రం చెప్పబోతే, మీరు కాసేపు ఆగండి, మేస్త్రి చెబుతున్నాడు కదా అంది. మొహంలో వెలుగు పోయాక ఆయన మళ్ళీ నవ్వడం అప్పుడే చూశాను.

తాళం తిప్పితే ముల్లు ఖాళీ దగ్గరికి పడింది. తర్వాత క్యాన్లు ఒక్కొక్కటే పోయించాం. లారీ డ్రైవర్ మళ్ళీ ఖాళీ చెయ్యాల్సిందే కదా అని గొణిగాడు. ఖాళీ చేద్దురుగానీ, ముందు నన్ను చూడనివ్వండి అంది ఆవిడ. ఒక క్యాను పోస్తే ముల్లు పావుకి లేచింది. పాత లారీ డ్రైవర్లు మీటర్లను నమ్మేవాళ్ళు కాదు, ట్యాంకులో కట్టె ముంచి తడి ఎంతవరకుందో చూసుకునేవాళ్ళు. ఆ సంగతి గుర్తొచ్చి, ప్లాటు మూలనున్న వెదురు బద్ద ఒకటి చెక్కి నున్నగా చేసి ఆవిడకిచ్చాను. పావు దగ్గర తడి ఎంతవరకొచ్చిందో అక్కడ ఎర్ర టేపు ఒక చుట్టు చుట్టమన్నాను. సగం దగ్గర రెండు చుట్లు. ముప్పావు దగ్గర మూడు. ఆవిడే చుట్టింది.

ట్యాంకు నిండాక, ముల్లు ఫుల్ చూపించాక, ఆవిడ ఒక పని చేయించింది. నాకు తట్టని పని.

"ఇప్పుడు మీరు వేసిన తీగ పీకండి," అంది.

పీకాను. ముల్లు కదల్లేదు. ఫుల్ మీదే ఉంది.

"అంటే ఇది తెగిపోయినా ఫుల్లే అంటుంది."

"అవునమ్మా. గందుకే ఫుల్ అన్నప్పుడే నమ్మొద్దు. కట్టె ఏసి చూడాలె."

ఆవిడ తల ఊపింది. తీగ మళ్ళీ బిగించాను. టేపు చుట్టబోతే వద్దంది. కనబడేలా వదిలెయ్యండి, రోజూ చూసుకుంటాను అంది. ఆ తర్వాత కొంచెంసేపు కట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సారు నిచ్చెన కింద నిలబడి, తీర్పు కోసం చూసే ముద్దాయిలా పైకి చూస్తున్నాడు. అమ్మేద్దాం అంటే నేను ఆయన మొహం ఎట్లా చూడాలి?

"మా అన్నయ్య పడవెక్కే ముందు కూడా ఎవరో ఒకరు ఇలా చెప్పి ఉంటే బాగుండేది," అంది ఆవిడ, నాకు మాత్రమే వినిపించేలా. తర్వాత గొంతు పెంచి, డీజిల్ తీసేసుకుని లారీ కదిలించుకోవచ్చని డ్రైవర్‌తో చెప్పింది. కట్టె మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. లారీ వెనక వెళ్ళే తమ కారులో తన పక్కన పెట్టుకుంది.

లారీ రింగురోడ్డు వైపు తిరిగేసరికి మధ్యాహ్నం దాటింది. భాయ్, నేను స్కూటర్ మీద షాపుకు వచ్చేశాం. షాపు దగ్గర దిగాక ఆయన, ఇకనుంచి నీ పని నేను చూస్త, నా పని నువ్వు చూడు అన్నాడు. అప్పటినుంచి నేను షాపు మూసేదాకా, ఏ బండి మీదైనా ఇద్దరి చేతులూ పడితే ఇద్దరం కలిసి చూసి పంపాం. చాలాసార్లు పోట్లాడుకున్నాం కూడా. ఎర్ర టేపు మాత్రం మళ్ళీ చుట్టలేదు. నల్ల టేపుతోనే బతికాను, బాగానే బతికాను.

మీలో కొందరు ఇప్పుడు స్కానరు పెట్టి ఫోనులో తప్పు చూసుకుంటున్నారు. మంచిదే. నాకు చేతకాదు. కానీ స్కానరు అన్నీ బాగున్నాయన్నప్పుడు, పక్కనున్నవాడు బుర్ర గీరుకుంటూ ఏదో అడిగితే, వాడి నోరు మూయించకండి. వాడు ఫిజిక్స్ సారైనా సరే, ఎండలో కుర్చీ వేసుకుని కూర్చున్న ఆయన భార్యైనా సరే.

నాలుగు నెలల తర్వాత ఒకరోజు పొద్దున చంపాపేట్ మార్కెట్‌లో టమాటాలు ఏరుతుంటే ఫోను మోగింది. కొత్త నంబరు. ఎత్తితే ముందు ఏదో హోరు. టపటపమని గుడ్డ కొట్టుకుంటున్న చప్పుడు. గాలికి మాట తెగి తెగి వస్తోంది, అయినా సారు భార్య గొంతు గుర్తుపట్టాను. ఒడ్డు కనబడుతోంది కాబట్టి సిగ్నల్ ఉందని చెప్పింది. తుని దాటామని సారు పక్కనుంచి అరిచాడు. మా అన్నయ్య పడవ దొరికింది ఇక్కడే ఎక్కడో అంది ఆవిడ. అమ్మా, మీటరు ఎట్లుంది అని అడిగాను.

"సగం చూపిస్తోందండీ. కట్టె కూడా వేశాను. రెండో టేపు దాకా తడిసింది," అంది. హోరు పెరిగింది. ఆవిడ ఏడుస్తోందో, గాలి చప్పుడో తెలియలేదు. మళ్ళీ మాట వినిపించింది.

"ఒడ్డుకు చేరడానికి సరిపోతుంది, మేస్త్రీ."